కిటికీ పరుపు మీది బూజు

మా మామగారికి గొప్పతనం అంటే ఏమిటో ఒకసారి హైదరాబాదులో కళ్ళబడింది. దుకాణానికి బట్టల సరుకు తేవడానికి పోయి, అక్కడ ఎవరో పెద్ద అధికారి ఇంట్లో కాలు పెట్టారట. మందపాటి గోడలో లోతుగా కట్టిన కిటికీ, ఆ లోతులో టేకు పలక, పలక మీద మఖ్మల్ పరుపు, అటొకటి ఇటొకటి గుండ్రటి బాలీసులు, వాటికి ఆనుకుని అధికారి. అది చూసినప్పటి నుంచి ఆయనకు నేల మీద చాపేసుకుని కూర్చోవడం నామోషీ అయిపోయింది. నెల తిరగకుండా నాందేడులో మా ఇంటి మీది అంతస్తులో అచ్చం అలాంటిదే చేయించారు. ఆ అధికారి బంగళా చుట్టూ తోట ఉందనీ, పొద్దంతా ఎండ లోపలికి వచ్చి పోతుందనీ ఆయన గమనించలేదు. గమనించింది మఖ్మల్ రంగు ఒక్కటే.

మా ఇల్లు బజారు గల్లీలో, రెండు ఎత్తయిన ఇళ్ళ మధ్య ఇరుక్కుని ఉండేది. గోడలు మూరెడు మందం నల్లరాయి, సున్నం. గోదావరి ఎంతో దూరం లేదు. వానాకాలం వస్తే వంటింట్లో ఉప్పు నీరయ్యేది, అగ్గిపుల్ల గీస్తే గీసినట్టే ఉండేది. అలాంటి ఇంట్లో మఖ్మల్ పరుపు మొదటి వానలకే బూజు పట్టింది. మొదట తెల్లగా, తర్వాత పచ్చగా, చివరికి నల్లటి చుక్కలుగా. మామగారు పిలిచి కూర్చోబెట్టిన పెద్దమనిషి ఏడుసార్లు తుమ్మి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడట. మామగారు కిందికి దిగి మళ్ళీ చాప మీద కూర్చున్నారు. ఇంట్లో ఎవరికీ పనికిరాని వస్తువును పెద్దమ్మకు ఇవ్వడం మా ఇంటి ఆనవాయితీ. అలా ఆ కిటికీ పెద్దమ్మదయింది.

పెద్దమ్మ అంటే మామగారి అక్క. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. ఆమె ముందు వాకిట్లోకి రాకూడదు. పొద్దున దుకాణానికి బయల్దేరే మగవాళ్ళకు ఆమె ఎదురు పడకూడదు. పడితే ఆ రోజు బోణీ కాదని ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. బోణీ కాని రోజుల్లో ఎవరి మొహం చూశారో మాత్రం ఎవరూ లెక్క చెప్పేవారు కారు. ఏళ్ళ తరబడి ఆమెకు కనిపించింది వంటింటి పొగ, వెనకర్ర అనే వెనక గది గోడ, పెరట్లో బావి. కిటికీ దొరికాక లోకం కనిపించింది. ఎదురుగా దర్జీ దుకాణం, పక్కన గాజులమ్మే ఆమె కూర్చునే బండ, స్టేషను దాకా పోయే టాంగాలు. ఏ గుర్రం ఏ మూల మొరాయిస్తుందో, ఎవరు ఎన్నిసార్లు తిరిగినా దర్జీ రవికె ఇవ్వలేదో ఆమెకు తెలుసు. ఎవరూ ఆమెను చూడరు, ఆమె అందరినీ చూస్తుంది. ఆ బూజు వాసనలో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని హాయిగా కూర్చునేది.

నేను ధర్మాబాదు నుంచి కోడలిగా వచ్చినప్పుడు నాకు పదిహేనేళ్ళు. మా పుట్టింటివాళ్ళది ధాన్యం వ్యాపారం. అత్తవారింట్లో నాతో సరిగ్గా మాట్లాడింది పెద్దమ్మ ఒక్కతే. మధ్యాహ్నం పని అయ్యాక ఆమె పక్కన కూర్చుంటే గల్లీ అంతా చదివి చెప్పేది. నాకు నాందేడు తెలిసింది ఆ కిటికీలోంచే. మా ఆయనను అడిగితే చెప్పేవాడేమో, కానీ ఆయనకు వాళ్ళ నాన్న ముందు నోరు పెగిలేది కాదు, ఆ అలవాటు నా ముందుకూ వచ్చింది.

నాకు అక్కడ రెండో వానాకాలం ఇంకో నెలలో వస్తుందనగా, మామగారు అన్నం తింటూ తీర్పు చెప్పారు.

"మీదికి పోతె కంపు. దుక్నంల కూసున్నా నా ధోతికి గదే కంపు. ఈ వానలకు మల్ల బూజు పట్టిందనుకో, గా పరుపు పారేసి, కిటికీకి పలకలు కొట్టిస్త. గూడు జేసి చీరెల తాన్లు పెట్టుకుంట."

పరుపు బతకని చోట చీరల తాన్లు ఎలా బతుకుతాయని అడగాలనిపించింది. కానీ కోడలు మామతో ఎదురుగా మాట్లాడకూడదు కనక, ఆయన తెలివితేటలు ఆ పూటకు క్షేమంగా ఉండిపోయాయి. తలుపు వెనక నేనూ పెద్దమ్మా నిలబడి విన్నాం. పెద్దమ్మ పైకి వచ్చి పరుపు మీద కూర్చుని అంది: "గిది గూడ పోతె, గోడ సూసుకుంట కూసోవాలె బిడ్డా." ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

మా అత్తమ్మ ఈ పని నాకు అప్పగించింది. "నువ్వు ధాన్యమోల్ల పిల్లవు గదా, బస్తాలకు బూజు పట్టకుంట మీ నాయిన ఏంజేస్తడో గదే జెయ్" అంది. తేలికయిన పని. మా నాయన గోదాముకు ఆరు కిటికీలు, రేకుల పైకప్పు, పది మంది హమాలీలు. నాకు రెండు చేతులు.

సలహాలకు మాత్రం కొదవ లేదు. పక్కింటి మరాఠీ ఆమె గోడ మీంచి తల పెట్టి, "అగం, కడులింబాచా పాలా ఠేవ్" అంది. వేపాకు తెచ్చి పరుపు కింద పరిచాను. నాలుగు రోజులకు వేపాకు కుళ్ళింది, పరుపుకు ఇంకో రంగు బూజు పట్టింది. అత్తమ్మ సాంబ్రాణి వేయమంది. వేశాను. బూజు వాసన, సాంబ్రాణి వాసన కలిసి, గుడిలో ఎలుక చచ్చినట్టుండేది. మామగారు కిందినుంచే కర్పూరం పంపారు. ఆయన ఔదార్యం అంతవరకే. మా ఆయన దుకాణంలో చీరల మధ్య పెట్టే డాంబరు గోళీలు తెచ్చి ఇచ్చాడు. వాటికి పురుగులు చచ్చాయేమో గాని, బూజుకు అవి బాగా నచ్చినట్టున్నాయి. ఉప్పు మూట పెట్టు, బొగ్గులు పెట్టు, సున్నం కొట్టించు అని చెప్పినవాళ్ళు ఇంకా ఉన్నారు. బొగ్గులు పెట్టాను. తేమ తగ్గిందో లేదో తెలియదు గాని పెద్దమ్మ తెల్లచీర నల్లబడింది.

అత్తమ్మకు ఇంకో సిద్ధాంతం ఉండేది. "మా వదినె తడిచీరెతోని కూసుంటది, గందుకే బూజు" అని. పెద్దమ్మ మడి కట్టుకునేది నిజమే. కానీ ఆ మడిచీర వంటింట్లోనే ఒంటి మీద ఆరిపోయేది, పైకి వచ్చేసరికి పొడి చీరే. నేను కళ్ళారా చూసేదాన్ని. చెప్పాను కూడా. "నీకెర్కనా?" అంది అత్తమ్మ. నాకు ఎరుకే. కానీ ఆ ఇంట్లో వానకు కూడా పెద్దమ్మనే కారణంగా చూపించగలరు. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఎండ చూపించాలని మాత్రం నాకు మా నాయన దగ్గర తెలిసిన సంగతి. వాన తెరిపి ఇవ్వగానే పరుపు నెత్తి మీద పెట్టుకుని మిద్దె మీదికి ఎక్కేదాన్ని. తడి దూది ఎంత బరువుంటుందో మోసినవాళ్ళకే తెలుసు. పైకి చేర్చి నడుం నిలబెట్టుకునేలోగా మబ్బు పట్టేది. కిందికి మోసుకొచ్చేలోగా ఎండ వచ్చేది. ఒక రోజు పరుపు పైన పరిచి, కింద జొన్నపిండి విసురుతూ మరిచిపోయాను. వాన దంచి కొట్టింది. పరుపును పిండితే బక్కెటెడు నీళ్ళు వచ్చాయి. అది ఆరడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ పెద్దమ్మ ఉత్త పలక మీద కూర్చుంది.

అప్పుడు బిలోలిలో పెళ్ళి వచ్చింది. మామగారు, అత్తమ్మ, మా ఆయన అందరూ మూడు రోజులు పోయారు. ఇంట్లో నేనూ పెద్దమ్మా మిగిలాం. దుకాణం మూత. పొద్దున బయల్దేరే మగవాడు లేడు, కాబట్టి బోణీ చెడేవాడు లేడు. పొద్దున్నే పైకి పోయి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచాను. నేను ఆ ఇంటికి వచ్చాక ఆ కిటికీ పొద్దున తెరవడం అదే మొదటిసారి.

ఎండ వచ్చి పరుపు మీద పడింది. నిండుగా, ఈ చివర్నుంచి ఆ చివరికి. తూర్పు కిటికీ అది. వానాకాలంలో కూడా పొద్దున ఒక జాముసేపు ఎండ ఉంటుంది, తర్వాతే మబ్బు. మేమేమో ఆ జాము కిటికీ గట్టిగా మూసి ఉంచేవాళ్ళం, మామగారు కూర్చున్న రోజుల్నుంచీ అంతేనట. పెద్దమ్మ మొహం గల్లీలోకి కనబడి మగవాళ్ళ వ్యాపారం పాడవకూడదని. మధ్యాహ్నం, ఎండ ఇంటి వెనక్కి పోయాక, నది మీది తేమగాలి మొదలయ్యాక, అప్పుడు తెరిచేవాళ్ళం. ఇన్నేళ్ళుగా ఎండను బయట నిలబెట్టి తేమకు తలుపు తీస్తున్నాం. ఆ పైన వేపాకులు, సాంబ్రాణి. నాకు నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. బూజుకు పెద్దమ్మ కారణం అని అత్తమ్మ అన్న మాటలో నిజం ఉంది, తప్పు మాత్రం పెద్దమ్మది కాదు.

మూడు రోజులకే వాసన సగం పోయింది. పెళ్ళివాళ్ళు తిరిగొచ్చాక అత్తమ్మకు చెప్పాను. "పొద్దుగాల కిటికీ తెరుస్తె బూజు పట్టదు అత్తమ్మా."

"తెరుస్తె మా వదినె మొఖం అండ్ల కనబడ్తది. పొద్దుగాల్నే గా మొఖం సూస్తె దుక్నంల బర్కత్ ఉంటదా?"

పెద్దమ్మ అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. తల ఎత్తకుండానే అంది: "గంతసేపు నేను వెనకర్రల ఉంట తియ్. కిటికీ తెరువుమను."

అనుమతి దొరికింది. పొద్దున మగవాళ్ళు గల్లీ మలుపు దాటేదాకా పెద్దమ్మ వెనకర్రలో, కిటికీ మాత్రం దర్జాగా తెరిచి. పరుపుకున్న మర్యాద మనిషికి లేకపోయింది. అయినా మిగతా పనులన్నీ చేశాను. దూదేకులాయనను పిలిపించి దూది ఏకించాను. పాత మఖ్మల్ తీసేసి ముతక ఖాదీ గలీబులు కుట్టాను, రెండు జతలు, కుంకుడుకాయతో ఉతికి మార్చుకోవడానికి. వడ్రంగితో పలకకు వేలెడంత చిల్లులు పెట్టించాను, అడుగునుంచి గాలి ఆడేలా. పరుపును గోడకు జానెడు దూరం జరిపాను. మా నాయన బస్తాలను గోడకు తగలనిచ్చేవాడు కాదు. వారానికొకసారి గోడను పొడిగుడ్డతో తుడిచేదాన్ని. శ్రావణం పోయింది, భాద్రపదం వచ్చింది. బూజు చుక్క లేదు. పరుపు వాసన చూస్తే దూది వాసన వచ్చింది. పెద్దమ్మ కొంగు ముక్కు మీంచి తీసి కూర్చుంది. ఆమె దగ్గు కూడా తగ్గింది. నా జన్మలో నేను అంత గర్వపడ్డది లేదు.

మహాలక్ష్ముల పండుగ నాటి మధ్యాహ్నం మామగారు ఎందుకో పైకి వచ్చారు. కిటికీ దగ్గర ఆగి, ముక్కు ఎగబీల్చారు. పరుపును అరచేత్తో నొక్కారు. మళ్ళీ నొక్కారు. పెద్దమ్మ లేచి నిలబడింది. ఆయన కూర్చున్నారు. బాలీసుకు ఆనుకుని, కాలు మీద కాలేసుకుని, గల్లీ అంతా తన సొత్తయినట్టు చూశారు.

"మంచిగున్నది" అన్నారు.

మర్నాడు ఆయన తమలపాకుల పాందాను, ఉమ్మే పాత్ర, విసనకర్ర పైకి వచ్చాయి. ఆ మర్నాడు తహసీలు కచేరీ గుమస్తా ఒకాయన వచ్చి కూర్చుని, తుమ్మకుండా రెండు గంటలు మాట్లాడాడు. మామగారు పెద్దమ్మతో మెత్తగానే చెప్పారు, ఆయనకు అక్క అంటే కోపమేమీ లేదు. "నలుగురు అచ్చేటోల్లు గదా అక్కా. నువ్వు జర వెనకర్రల కూసో." పెద్దమ్మ సరే అంది. అత్తమ్మ నా దగ్గరకు వచ్చి, మామగారు నన్ను మెచ్చుకున్నారని చెప్పింది: "కోడలు తెలివిగల్లది అన్నడు." రెండేళ్ళలో ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి మెప్పు అది. మింగుడు పడలేదు.

బూజు పడితే కిటికీ పోతుందని భయపడ్డాను. బూజు పోయినందుకు కిటికీ పోయింది. పరుపు పాడై ఉన్నన్నాళ్ళే అది పెద్దమ్మది. బాగుపడ్డ పరుపు మీద పెద్దమ్మ ఎందుకు కూర్చుంటుంది? ఇంత చిన్న విషయం నా తెలివికి తట్టలేదు. నా రెండు చేతులతో, చిల్లులు పొడిపించి, దూది ఏకించి, ఆమెను ఆ కిటికీలోంచి నేనే లేపాను.

వెనకర్రకు కిటికీ లేదు. పెద్దమ్మ అక్కడ కూర్చుని వత్తులు చేసేది. నేను పోగానే అడిగేది: "దర్జీ బిడ్డె పురిటికి అచ్చిందా?" నాకు తెలియదు. "గాజులామె బండ మీద ఎవరో కొత్తామె కూసుంటున్నదట గదా, ఎవరు?" నాకు తెలియదు. మామగారు పైన ఉండగా నేను కిటికీ దగ్గరకు పోలేను. ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని. ఆమె వినేది, కొంచెం సేపటికి "కాదు తియ్, గా గుర్రం ఎడమకు తిరగది" అని మెల్లగా సరిదిద్దేది. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. ఆమె అడిగినన్నాళ్ళూ నాకు సిగ్గుగా ఉండేది, మానేశాక భయం వేసింది.

ఆ పైయేడు వానలు మొదలయ్యాయి. పరుపు బాధ్యత నాదే, తెలివిగల కోడలిని కదా. పొద్దున కిటికీ తెరవడం మానేశాను. అడిగితే జల్లు కొడుతోంది అన్నాను. పరుపును గోడకు ఆనించి పెట్టాను. పలక చిల్లుల్లో గుడ్డపీలికలు కుక్కాను. ఉతికిన గలీబులు సగం ఆరగానే తొడిగాను. అది చాలదనిపించి, మామగారు దుకాణానికి పోయాక రోజు విడిచి రోజు బాలీసు కింద చెంబెడు నీళ్ళు పోశాను. బూజు పట్టకుండా చేయడానికి నాకు ఒక వానాకాలమంతా పట్టింది. పట్టించడానికి పన్నెండు రోజులు పట్టింది. అదీ ఎంత చక్కగా పట్టిందనుకున్నారు. తెల్లగా, ఒత్తుగా, అంచుల దగ్గర పచ్చగా.

గుమస్తాగారు తుమ్మారు. మామగారు తెల్లటి ధోతీతో దుకాణంలో నిలబడితే వెనక నల్లచుక్కలు చూసి గిరాకీలు నవ్వుకున్నారట. ఇంటికి వచ్చి పాందాను కిందికి దింపించారు. "గా జాగనే మంచిది గాదు" అన్నారు.

పలకలు కొట్టించి గూడు చేస్తారేమోనని భయపడ్డాను. అత్తమ్మ పక్కన చేరి, ఆయనకు వినపడేలా అన్నాను: "అండ్ల చీరెల తాన్లు పెడ్తె పదిరోజులకు గిట్లనే అయితయి అత్తమ్మా." మామగారు తన ధోతీ వైపు ఒకసారి చూసుకున్నారు. గూడు మాట మళ్ళీ ఎత్తలేదు. "అక్క కూసుంటే కూసోనీ" అన్నారు, దానం చేసినట్టుగా.

మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మ పైకి వచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుని, ముందు దర్జీ దుకాణం చూసింది. దర్జీ కూతురు ఒళ్ళో పిల్లను పెట్టుకుని కూర్చుని ఉంది. చాలాసేపు అటే చూసింది. తర్వాత దగ్గు వచ్చింది, గట్టిగానే. నాకు మనసు ఒప్పలేదు.

"పెద్దమ్మా, రేపు పొద్దుగాల కిటికీ తెరుస్త. రెండు ఎండలు తగిల్తె బూజు పోతది" అన్నాను.

ఆమె పరుపును చేత్తో తడిమింది. తడిగా ఉన్న చోట, నేను నీళ్ళు పోసిన చోటే, చెయ్యి కాసేపు ఆపింది.

"వద్దు బిడ్డా" అంది. "ఆరితె తమ్ముడు మల్ల అస్తడు."